గరువులో కౌజుల్ని లెక్కపెట్టి నిలబెట్టుకోవడం ఎలా: వేట తెలిసినవాళ్ళ కోసం

కౌజు పిట్టని పట్టడం వచ్చినవాడికి దాన్ని లెక్కపెట్టడం వేరే నేర్పక్కర్లేదు. రాత్రి ఏ పొద మీద పడుకుంటుందో, ఏ వేళకి కూత అందుకుంటుందో, ఏ బాట మీద దిగి మట్టిలో పొర్లుతుందో మనకి చిన్నప్పుడే ఒంటబట్టింది. ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళకి ఆ చూపు లేదు. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను. ఉచ్చు వేసిన చెయ్యి, దీమం మోసిన భుజం ఉన్నవాళ్ళే ఈ పని బాగా చేయగలరని నా నమ్మకం.

మాది విజయనగరం జిల్లా గంట్యాడ వైపు. తాటిపూడి రిజర్వాయరు నీళ్ళు ఎక్కని మెరకలో నాకు రెండున్నర ఎకరాల గరువు, అంటే మెట్ట చేను, ఉంది. సగం జీడిమామిడి, సగం చోడి (రాగి), గట్ల మీద తాటిచెట్లు. మా నాయన దీమం కట్టేవాడు. తెలియనివాళ్ళకి చెబుతున్నా, దీమం అంటే పెంచి మచ్చిక చేసిన కౌజు పుంజు. వెదురు బోనులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, చీకటుండగానే గట్టు మీదకి తీసుకెళ్ళేవాళ్ళం. బోను మోసేవాణ్ణి నేను. వెలుగు రేఖ రాగానే నాయన గుడ్డ తీసేవాడు. దీమం కూసేది. ఆ గట్టు తనదనుకునే అడవి పుంజు రొమ్ము విరుచుకుని, మెడ చాచి, పరుగున వచ్చేది. చుట్టూ ఉచ్చులు. నాయన లేచి వెళ్ళి దాన్ని తీసేదాకా దీమం కూస్తూనే ఉండేది. ఒక పొద్దుటికి మూడు నాలుగు దొరికేవి. మర్నాడు ఇంకో గట్టు. అలా నెల తిరిగినా కూతలు తగ్గేవి కావు.

పోయిన ఏడు సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. వాడుండేది మిన్నసోటాలో. పొద్దున్నే నాతో గరువులోకి వచ్చి కాసేపు నిలబడి, "మావయ్యా, ఇక్కడ కౌజులు కూసీవి కదా, ఏటి ఒక్కటీ ఇనబడ్డం లేదు?" అన్నాడు. నిజానికి ఆ పూట రెండు కూసాయి, దూరంగా. వాడికి వినబడలేదు, నాకు వినబడింది. నాకు వినబడిందని చెప్పుకోవడానికి కూడా మనసు రాలేదు. ఒకప్పుడు కూతకి నిద్ర పట్టని చోటు అది.

చట్టం సంగతి ముందే తేల్చేసుకుందాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 9వ సెక్షన్ వేటని నిషేధించింది. లైసెన్సు తీసుకుని వేటాడే దారి కూడా 1991 సవరణతో మూసుకుపోయింది. వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే అని మనవాళ్ళు అనుకుంటారు. చట్టం లెక్కలో ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర పెట్టడం, గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం, అన్నీ వేటే. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికే 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. నెమలి లాంటి మొదటి షెడ్యూలు జీవి, అంటే చట్టం గట్టి కాపుదల ఇచ్చిన పట్టికలోది, దాని జోలికి పోతే 3 ఏళ్ళకి తక్కువ కాకుండా 7 ఏళ్ళ దాకా. కాబట్టి కింద చెప్పబోయేదంతా చేతిలో వల లేకుండా చేసే పని. ఇంట్లో దీమం ఉంచుకోవడం కూడా తప్పే. మా ఇంట్లో ఆఖరిది నాయన ఉండగానే పోయింది, మళ్ళీ తేలేదు.

మొదట ఏ పిట్టని లెక్కపెడుతున్నామో తెలియాలి. పట్నంలో మాంసం కొట్టు ముందు "కౌజు పిట్టలు" అని బోర్డు పెట్టి అమ్మేవి మన కౌజులు కావు. అవి జపాన్ పూరేళ్ళు. షెడ్లలో పెంచుతారు. ఐదారు వారాలకే కోతకి వస్తాయి, ఆరేడు వారాలకే గుడ్డు పెడతాయి. మన గరువులో పూరేడు వేరే ఉంది. గుప్పెడంత ఉంటుంది. కాలి కింద నుంచి బుర్రుమని లేచి కొద్ది దూరంలోనే గడ్డిలో పడిపోతుంది. కౌజు దానికంటే బాగా పెద్దది, కోడిపిల్ల ఎదిగినంత. ఒంటినిండా సన్నటి అడ్డగీతలు, గొంతు కింద లేత పసుపు మచ్చ, దాని చుట్టూ నల్లటి గీత. ముందు పరిగెడుతుంది, తప్పదనుకుంటే గానీ ఎగరదు. పుంజుకి కాలిముల్లు ఉంటుంది. అడవికోడి ఇంకో లెక్క. అది కొండవార పొదల్లోది, గరువుకి దిగడం అరుదు. ఇవన్నీ, నెమలితో సహా, ఒకే కుటుంబం. అమెరికా, ఇంగ్లండు దేశాల్లో వేటగాళ్ళు ప్రాణంగా చూసుకునే ఫెజెంట్ అనే పిట్ట కూడా ఈ కుటుంబానిదే.

లెక్క ఏడాదికి రెండుసార్లు. మొదటిది మాఘం చివర నుంచి ఫాల్గుణం దాకా, జతలు కుదిరే వేళ. రెండోది దసరా వెళ్ళాక, దీపావళికి ముందు.

మొదటి లెక్క చెవితో చేసేది. గాలి లేని పొద్దు చూసుకోండి. ఐదున్నరకల్లా మీరు నిలబడే చోట ఉండాలి. టార్చి వేయొద్దు, బీడీ వెలిగించొద్దు, కుక్కని వెంట తీసుకెళ్ళొద్దు. గాలి లేని పొద్దున నా చెవికి మూడు వందల గజాల దాకా కూత స్పష్టంగా అందుతుంది. అందుకని ఒక చోటుకీ ఇంకో చోటుకీ ఆరు వందల గజాలకి తక్కువ కాకుండా ఎడం పెట్టుకున్నాను. దగ్గరైతే ఒకే పుంజుని రెండుసార్లు రాసేస్తాం. మా ఊరి గరువుకి నాలుగు చోట్లు సరిపోయాయి: చెరువు అలుగు దగ్గర, పాత కళ్ళం దగ్గర, జీడితోట మూల, శ్మశానం దాటాక పుంత (బండ్ల బాట) మలుపు. ఒక పొద్దుటికి రెండు చోట్లకంటే చేయలేం. ఎండ పొడొచ్చాక కూతలు పలచబడిపోతాయి.

ఒక్కో చోట పది నిమిషాలు కదలకుండా నిలబడండి. కాగితం మీద మధ్యలో చుక్క పెట్టి, తూర్పు ఎటో గీసుకుని, కూత వినబడ్డ దిక్కున గీత పెట్టండి. కౌజు ముందు నెమ్మదిగా గొంతు సవరించుకున్నట్టు ఒకటి రెండు ముక్కలు అంటుంది, ఆ తర్వాత మూడు ముక్కల కూత అందుకుంటుంది, క-టీ-టర్, క-టీ-టర్, క-టీ-టర్ అని. ఒకటి మొదలుపెడితే పక్క గట్టుది జవాబిస్తుంది. ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు. పెట్ట కూడా పుంజుతో గొంతు కలుపుతుంది. రెండు గొంతులు ఒకే చోట నుంచి, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తే అది ఒక జత, ఒకే గీత. రెండు గొంతులు ఎడంగా, ఒకటి ఆగాక ఇంకొకటి వస్తే అవి రెండు పుంజులు, రెండు గీతలు. మీకు ఇది ముందే తెలుసు, ఎటు వల పన్నాలో తేల్చుకోవడానికి మనం చేసిన పని ఇదే.

ఫోనులో కౌజు కూత పెట్టి పిలవకండి. కుర్రాళ్ళు సరదాకి చేస్తున్నారు. అది దీమమే, బోను లేని దీమం. గుడ్ల మీదున్న జతని లేపి, పుంజుని గంటసేపు కొట్లాట కోసం తిప్పడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

ఒక్కో చోట మూడు పొద్దులు వినండి. మూడింటిలో ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. ఆ పూట వర్షం పడిందా, గాలి తిరిగిందా, పక్క పొలంలో ట్రాక్టరు తిరిగిందా, అదీ ఒక ముక్క రాయండి. వచ్చే ఏడు అదే వారంలో, అదే చోట నిలబడాలి. చోటు మారిస్తే లెక్క పనికిరాదు.

రెండో లెక్క కంటితో చేసేది, నాకు ఇదే ముఖ్యం. ఆశ్వయుజం చివరికి మనకి పొద్దున మంచు పడుతుంది. గడ్డి తడిసిపోతుంది. తడిసిన కౌజులు పిల్లల్ని వెంటేసుకుని పుంత మీదకి, తారు రోడ్డు అంచుకి వచ్చి ఎండ కాచుకుంటాయి, ఈకలు దులుపుకుంటాయి. అప్పుడు సైకిలు మీద మెల్లగా వెళ్ళండి. మోటారు సైకిలైతే తలలు దాచేస్తాయి. పెద్దవి ఎన్ని, సగం పెరిగిన పిల్లలు ఎన్ని, విడివిడిగా రాసుకోండి.

ఇదే సంగతి మేనల్లుడికి చెబితే నవ్వు మొహంతో ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. వాళ్ళ వైపు కంకర రోడ్డు మీద ఫెజెంట్ పెట్ట, వెనకాల తొమ్మిది పిల్లలు. అక్కడి ప్రభుత్వ శాఖల వాళ్ళు జూలై చివర, ఆగస్టులో సూర్యోదయానికి బయల్దేరి పాతిక, ముప్పై మైళ్ళ దారి కారు మీద మెల్లగా వెళ్తూ ఇలాగే లెక్కపెడతారట. కారణం కూడా అదే, మంచుకి తడిసిన పెట్ట పిల్లల్ని రోడ్డెక్కిస్తుంది. పక్కనే ఉన్న దక్షిణ డకోటా రాష్ట్రంలో 2012 లెక్కతో పోలిస్తే 2013లో పిట్టలు 64 శాతం తక్కువ కనబడ్డాయి. ముందు ఏడు కరువు, ఆ ఏడు వసంతంలో చలివానలు, వాటితోపాటు గడ్డి భూమి తరిగిపోవడం. అమెరికాలో 1985 చట్టంతో ఒక పథకం పెట్టారు: దున్నకుండా గడ్డికి వదిలేసిన భూమికి రైతుకి ఏటా అద్దె కడతారు. 2007లో ఆ పథకం కింద 3 కోట్ల 68 లక్షల ఎకరాలు ఉండేవి. మొక్కజొన్న ధర పెరిగేసరికి రైతులు ఒప్పందం ముగిసిన భూమిని మళ్ళీ దున్నేశారు. 2013 నాటికి అది సుమారు 2 కోట్ల 70 లక్షల ఎకరాలకి దిగింది. ఇది వింటుంటే నాకు మా ఊరే కళ్ళముందు ఆడింది. మా మెరకలో గంటి (సజ్జ), చోడి, సామ, గోగు ఉండేవి. ఇప్పుడు గజపతినగరం దాకా ఎటు చూసినా మొక్కజొన్న, లేకపోతే జామాయిలు, సరుగుడు.

పిల్లల లెక్క ఎందుకు ముఖ్యమంటే, కౌజు తరుగుదల పిల్ల దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండులో గ్రే పార్ట్రిడ్జ్ అని కౌజు లాంటి పిట్ట ఉంది. అక్కడ అది 1967 నుంచి ఇప్పటికి నూటికి తొంభై వంతులకి పైగా తగ్గిపోయింది. డిక్ పాట్స్ అనే శాస్త్రవేత్త 1968లో ససెక్స్ ప్రాంతపు పొలాల్లో దాని వెంట పడ్డాడు. తేలింది ఏమిటంటే, గడ్డి మందు కొట్టారు, కలుపు పోయింది, కలుపు మీద బతికే పురుగు పోయింది, పిల్లకి తిండి లేకుండా పోయింది. పెద్ద పిట్ట గింజ తిని బతుకుతుంది. పిల్ల గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు వారాలు పురుగు తినే బతకాలి, గింజ దానికి అరగదు. మన కౌజు పిల్లకీ అంతే. నా కళ్ళతో చూశాను, చెదల పుట్ట పక్కన తల్లి కాలితో గీరుతుంటే బొటనవేలంత పిల్లలు ఆ తెల్లటి చెదల కోసం ఎగబడడం.

వేట వల్ల కౌజులు తగ్గలేదని నేను అనడం లేదు. మా నాయన పట్టినవీ, నేను మోసినవీ తక్కువేం కావు. ఉగాది ముందు జతల్ని విడగొట్టి పుంజుల్ని పట్టడం మాత్రం పెద్ద తప్పు, అది ఒప్పుకుంటాను. కానీ ఊళ్ళో వల వేసేవాళ్ళు మానేసి పదిహేనేళ్ళు దాటినా పిట్ట తిరిగి రాలేదు. దానికి పొద లేదు, పురుగు లేదు. ఇక్కడ వేటగాడు మానేస్తే సరిపోదు, రైతు కూడా కొంత చేయాలి. మనం రెండూ అయినవాళ్ళం.

ఇప్పుడు గట్టు సంగతి. 2019 శ్రావణంలో అద్దెకి గడ్డి కోసే మిషన్ తెచ్చాను. మెడకి తగిలించుకుని చెరువు వైపు గట్టు కోసుకుంటూ వెళ్తున్నాను. ఆ చప్పుడులో ఏమీ వినబడదు. ఏదో మెత్తగా తగిలినట్టయింది. ఆపి చూస్తే ఈకలు. కౌజు పెట్ట. లేచి ఉంటే బతికేది, లేవలేదు. దాని కింద గుంటలో ఏడు గుడ్లు, లేత మీగడ రంగువి. మూడు చితికాయి. ఒకదాంట్లో పిల్ల ముక్కు ఇంకా కదులుతోంది. ఒకటి రెండు రోజుల్లో పొదిగిపోయేవి. మిగిలిన నాలుగూ తువ్వాల్లో ఇంటికి తెచ్చి నాటుకోడి కింద పెట్టాను. ఒక్కటీ కాలేదు. ఆ గట్టు మీద నేను మళ్ళీ మిషన్ పెట్టలేదు.

గుడ్ల మీద కూర్చున్న పెట్ట లేవదు, ఇది గుర్తు పెట్టుకోవాలి. ఒంటి రంగు గడ్డిలో కలిసిపోతుందనే దాని ధైర్యం. నక్క దగ్గర ఆ ధైర్యం పనికొస్తుంది, మిషన్ దగ్గర ప్రాణం తీస్తుంది. పొదగడానికి పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు పడుతుంది. మనవైపు ఉగాది నుంచి దసరా దాకా ఎప్పుడైనా గుడ్లు ఉండొచ్చు.

అన్నాళ్ళు గడ్డి కోయకుండా పశువులకి ఏం పెడతాం అని అడుగుతారు. నాకూ రెండు ఆవులున్నాయి. నేను చేసేది ఇది. గట్టుకి ఒక వాలు కోస్తాను, రెండో వాలు వదిలేస్తాను. పంట వైపు వాలు కోసి, పొద వైపు వాలు ఉంచుతాను. మరుసటి ఏడు కూడా అదే వైపు ఉంచాలి. ఏటా మారిస్తే పాత ఎండుగడ్డి నిలవదు, కౌజు గూడు పెట్టేది ఆ పాత గడ్డి మొదట్లోనే. కోసేది కొడవలితో. మిషన్ తప్పదనుకుంటే ముందు ఒక మనిషి పొడుగు కర్రతో గడ్డి తడుముకుంటూ నాలుగు గజాలు ముందు నడవాలి. చేను కోసేటప్పుడు చుట్టూ అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ వస్తే పిల్లలన్నీ నడిమధ్యకి చేరి ఆఖరి చాలులో చిక్కిపోతాయి. మధ్య నుంచి బయటకి కోస్తే గట్టులోకి పారిపోవడానికి వాటికి దారి దొరుకుతుంది. గూడు కనబడితే చుట్టూ రెండు గజాలు వదిలేయండి. గుర్తుకి గూటి పక్కనే కర్ర పాతకండి, కాకి చూస్తుంది. పది అడుగుల అవతల తాటాకు కట్టండి.

మిన్నసోటాలో ఈ పని చట్టమే చేస్తోందని మేనల్లుడు చెప్పాడు. రోడ్డు పక్క గడ్డిని తారు అంచు నుంచి ఎనిమిది అడుగులు మించి జూలై 31 దాకా కోయకూడదట. గూళ్ళ కోసమే. మా ఊళ్ళో చెరువు గట్టు బాగుచేసే పనులు వచ్చినప్పుడల్లా బలుసు, రేగు, వాక పొదలన్నీ వేళ్ళతో సహా పీకేస్తారు. నేను వెళ్ళి మేస్త్రీతో మాట్లాడాను. "బావూ, పొద ఉంచితే పని అవ్వలేదని కొలతలో కోసేత్తారు" అన్నాడు. అతని ఇబ్బంది అతనిది. చివరికి నడక దారి వైపు మొత్తం తీసి, నీళ్ళ వైపు కాకుండా పొలం వైపు వాలులో యాభై అడుగులకొక పొద వదలడానికి ఒప్పుకున్నాడు. ముందే వెళ్ళి మాట్లాడితేనే అది కుదురుతుంది, నరికాక గొడవ పడితే పొద రాదు.

పొదల్లో కౌజుకి బాగా పనికొచ్చేవి రేగు, బలుసు, వాక, కింద నుంచే గుబురుగా ఉండే ముళ్ళవి. రాత్రి వాటి మీదో, పొట్టి తుమ్మ మీదో దగ్గర దగ్గరగా కూర్చుని పడుకుంటాయి. పొద కింద రెట్టలు కుప్పగా పడి ఉంటే అది పడక పొద. దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కొట్టకండి. సర్కారు తుమ్మ అయినా సరే, అది పడక పొదైతే పక్కన రేగు ఎదిగేదాకా ఆగండి. మాఘంలో గట్లకి నిప్పు పెట్టే అలవాటు మానాలి. ఎలకల కోసమని పెడతారు. గడ్డి, పురుగు గుడ్లు, కౌజు దాక్కునే చోటు, అన్నీ ఒక్క సాయంత్రంలో పోతాయి.

మందు కొట్టే దగ్గర నాది చిన్న చేను కాబట్టి పెద్ద త్యాగాలు చేయలేను. ఇంగ్లండులో కొందరు రైతులు చేను అంచున ఆరు మీటర్ల మేర మందు బాగా తగ్గిస్తారు. మన రెండెకరాల్లో చుట్టూ ఆరు మీటర్లు అంటే పావు చేను. నేను గట్టు పక్క రెండు చాళ్ళు వదులుతున్నాను. గడ్డి మందూ కొట్టను, పురుగు మందూ కొట్టను. ఆ రెండు చాళ్ళలో చోడి కొంచెం తగ్గుతుంది, కలుపు చేత్తో తీయాలి. మొక్కజొన్న వేసే అన్నదమ్ములు ఆ రెండు చాళ్ళలో గంటి చల్లుకోవచ్చు. కంకి కోసుకున్నాక రాలిన గింజ పిట్టదవుతుంది. చెదల పుట్ట పంటకి అడ్డం కాకపోతే తవ్వకండి.

విత్తనం దగ్గర ఒక జాగ్రత్త. ఎర్రగానో గులాబీగానో రంగు పూసిన విత్తనం మందు పట్టించినది. విత్తేటప్పుడు చాలు మలుపులో, బస్తా విప్పిన చోట గుప్పెడు గింజలు పైన పడిపోతాయి. కౌజు మలుపుల దగ్గరే దిగుతుంది. అవి ఏరి మట్టిలో లోతుగా పూడ్చేయండి. ఐదు నిమిషాల పని.

నాటుకోళ్ళకి కొక్కెర వ్యాధి టీకా వేయించండి. చచ్చిన కోడిని గరువులోకి విసిరేయడం మన ఊళ్ళలో మామూలు. పూడ్చాలి. గుడ్ల కాలంలో పొద్దున, సాయంత్రం కుక్కల్ని కట్టేసుకోండి. వదిలేసిన కుక్క నాయన దీమం కంటే ఎక్కువ చంపుతుంది, ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మంచి మనసుతోనే మా ఊరి కుర్రాళ్ళు చందా వేసుకుని పట్నం నుంచి ఇరవై "కౌజులు" తెచ్చి గరువులో వదులుదామన్నారు. నేను అడ్డుపడ్డాను. అవి జపాన్ పూరేళ్ళు. షెడ్డులో పుట్టి దాణా తిన్న పిట్టకి గద్ద నీడ తెలియదు, పొద తెలియదు. రెండు రోజుల్లో పిల్లీ ముంగిసా తినేస్తాయి. బతికినవి షెడ్డు జబ్బుల్ని గరువుకి మోసుకొస్తాయి. ఐరోపాలో ఇలా వదిలిన జపాన్ పూరేళ్ళు కొన్నిచోట్ల అక్కడి అడవి పూరేళ్ళతో జతకట్టి జాతి కలగలిసింది. ఆ డబ్బుతో రేగు, బలుసు మొక్కలు నాటించాను, ఆషాఢంలో. కుర్రాళ్ళే గుంతలు తీశారు.

వేటగాళ్ళ మాట. అమెరికాలో 1937 నుంచి తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బు అడవి జీవాలకి ఖర్చు పెడుతున్నారు. ఫెజెంట్ తగ్గిపోతోందని 1982లో మిన్నసోటాలో వేటగాళ్ళే ఒక సంఘం పెట్టుకున్నారు, గడ్డి భూమి కొని కాపాడుతున్నారు. అక్కడ వేట సాగుతోంది కాబట్టి వాళ్ళ దగ్గర నుంచి డబ్బు వస్తోంది. మన దగ్గర వేట ఆగిపోయింది, డబ్బు రాదు. మన దగ్గర ఉన్నది చెవి, కన్ను, తెల్లవారుజామున లేచే అలవాటు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం వెళ్ళి చూడండి. దూరం నుంచి వచ్చే గూడబాతుల్ని, కొంగల్ని ఊరు ఊరంతా తమ చింతచెట్ల మీద కాపాడుకుంటోంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వాళ్ళూ అంతే, నత్తగుల్ల కొంగల మీద రాయి వేయనివ్వరు. కొంగ పెద్దది, చెట్టు మీద అందరికీ కనబడుతుంది. కౌజు గడ్డిలో ఉంటుంది, దాని తరఫున ఊళ్ళో మాట్లాడాలంటే అది ఎక్కడుందో తెలిసినవాడే కావాలి.

ఊళ్ళో ఉండేలు పట్టుకుని తిరిగే గుంటల్ని తిట్టకండి. నేను ఇద్దర్ని వెంట తీసుకెళ్తున్నాను. ఒకడికి పన్నెండేళ్ళు. పోయిన ఫాల్గుణంలో కళ్ళం దగ్గర నిలబెట్టి, కళ్ళు మూసుకుని విను అన్నాను. మూడో నిమిషానికి వేలు ఎత్తి, "తాతా, ఇటు జత, అటు ఒంటిది" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. కాగితం వాడి చేతికిచ్చేశాను.

రాసుకోవడానికి ప్రత్యేకం ఏమీ అక్కర్లేదు, స్కూలు నోటుబుక్కు చాలు. తేదీ, తిథి, చోటు, టైము, గాలి, మంచు, జతలు, ఒంటి పుంజులు. దీపావళి ముందు లెక్కకి పెద్దవి, పిల్లలు. మాది నాలుగు చోట్లా కలిపి 2020 ఫాల్గుణంలో నాలుగు జతలు. ఈ ఏడు ఫాల్గుణంలో ఏడు జతలు, రెండు ఒంటివి. పోయిన ఆశ్వయుజంలో పుంత మలుపు దగ్గర ఒక జత వెంట ఐదు పిల్లలు, చెరువు అలుగు దగ్గర జత వెంట ఒక్కటే. ఆ అలుగు పక్క చేను మా పెదనాన్న కొడుకుది. రెండు చాళ్ళు వదలమని ఈ ఖరీఫ్ ముందు అతణ్ణి అడగాలి.